మా కొట్టుకి లినక్స్ సరిపోతుందా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది పర్లాకిమిడి. నాన్నగారి హయాం నుంచీ కిరాణా హోల్‌సేల్ కొట్టు. ఇటు కాశీనగరం, గుమ్మా, మోహనా దాకా, అటు ఆంధ్రాలో పాతపట్నం, మెళియాపుట్టి వైపు చిల్లర కొట్లకి సరుకు వేస్తాం. కొట్లో ఐదు కంప్యూటర్లున్నాయి, అన్నీ 2017లో కొన్నవే. కౌంటర్లో రెండు, గోడౌన్లో ఒకటి, గుమాస్తా గారి దగ్గర ఒకటి, నా గదిలో ఒకటి. కౌంటర్ బిల్లింగ్ పోయినేడాది నుంచి బ్రౌజర్‌లో తెరుచుకునే సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నాం. లెక్కలు మాత్రం టాలీలోనే. విండోస్ 10కి కాలం చెల్లింది, ఇక అప్‌డేట్లు రావు అంటున్నారు. సర్వీసు కుర్రాడు ఐదూ తీసేసి కొత్తవి కొనమంటాడు, లేదంటే ‘ఎలాగోలా’ విండోస్ 11 ఎక్కించేస్తానంటాడు. మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసేద్దాం, పైసా ఖర్చుండదు అంటాడు. గుమాస్తా గారు నాన్నగారి కాలం మనిషి. టాలీ తీసేసిన రోజున తాళాలు మీ చేతిలో పెట్టి ఇంటికెళ్లిపోతానంటున్నారు. భోజనాల దగ్గర కూడా ఇదే గొడవ. లినక్స్ మాలాంటి మామూలు వ్యాపారానికి పనికొస్తుందా, రాదా? ఒక్క మాటలో చెప్పండి.
— ఒక కిరాణా వ్యాపారి, పర్లాకిమిడి

జవాబు: షావుకారు గారూ, ఒక్క మాటలో అడిగారు కనక ముందు ఒక్క మాటే చెబుతాను. మీ ఐదింట్లో నాలుగింటికి పనికొస్తుంది, ఐదోదానికి పనికిరాదు. ఆ ఐదోది గుమాస్తా గారిది. అంటే మీ అబ్బాయి చెప్పిందీ నిజమే, ఆయన చెప్పిందీ నిజమే. సర్వీసు కుర్రాడి మాటల్లో మొదటిది ఖర్చుతో కూడిన నిజం. రెండోది, ఆ ‘ఎలాగోలా’ అన్నది మాత్రం వినకండి. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 2018లో బరంపురంలో ఒక మందుల హోల్‌సేల్ షాపుకి నేనే సర్వీసు చూసేవాణ్ని. ఆరు కంప్యూటర్లు. ఒకసారి వైరస్ దూరి ఫైళ్లన్నీ తెరుచుకోకుండా పోయాయి. షాపాయన విసిగిపోయి, ‘ఇంకెప్పుడూ ఇలా జరక్కుండా ఏదో ఒకటి చెయ్యండి మాస్టారూ’ అన్నారు. అప్పట్లో నాకు లినక్స్ మీద కొత్తగా మాల వేసుకున్నవాడికుండేంత భక్తి. ఒకే ఒక్క ఆదివారంలో ఆరింట్లోనూ విండోస్ ఊడబీకి లినక్స్ వేసేశాను. రాత్రి పదకొండింటికి ఆరు స్క్రీన్లూ మెరిసిపోతున్నాయి, వాటి మధ్య నేనూ మెరిసిపోతున్నాను.

సోమవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి మొదటి బిల్లు కొట్టారు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కిర్రుమంటూ కొట్టింది. కొట్టింది గానీ, ముందే అచ్చు వేయించి పెట్టుకున్న బిల్లు కాగితం మీద మొత్తం రాతంతా రెండు వరసలు కిందకి జారింది. మొదటి మందు పేరు మూడో వరసలో పడింది. కట్టాల్సిన మొత్తం వెళ్లి సంతకం పెట్టే చోట కూర్చుంది. రెండో బిల్లు ఇంకో రెండు వరసలు జారింది. లోపల ఉన్న లేజర్ ప్రింటర్ ఉలకలేదు, పలకలేదు. బయట సరుకెక్కించుకున్న ట్రాలీ ఆటోవాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. ఈ గందరగోళంలో వాళ్ల గుమాస్తా నా దగ్గరికొచ్చి, చాలా మర్యాదగా అడిగాడు: ‘సార్, డి డ్రైవ్ ఏదండీ?’

మంగళవారం సాయంత్రానికల్లా మళ్లీ విండోస్ వేసిచ్చి, డబ్బులు పుచ్చుకోకుండా తల దించుకుని వచ్చేశాను. అందులో లినక్స్ తప్పు పిసరంత కూడా లేదు. కాగితం పొడవు ప్రింటర్ సెట్టింగులో సరిచేస్తే అరగంట పని. ఆ అరగంట నేను ఆదివారం పెట్టలేదు. ఆ షాపులో ఎవరు ఏం పని చేస్తారో అంతకుముందు ఒక్కరోజైనా కూర్చుని చూడలేదు.

అప్పటినుంచీ ఎవరడిగినా ‘మీకెన్ని కంప్యూటర్లున్నాయి’ అనడం మానేశాను. ఏ కుర్చీలో ఎవరు కూర్చుంటారు, పొద్దున్నుంచి రాత్రిదాకా ఏం తెరుస్తారు, ఏం ప్రింట్ తీస్తారు అని అడుగుతాను. మీ కొట్టుని కూడా అలాగే చూద్దాం.

మీ గది నుంచి మొదలుపెడదాం. మీరు చేసేదేమిటి? మెయిల్, నెట్ బ్యాంకింగ్, కంపెనీల ఆర్డర్ పోర్టళ్లు, వాట్సాప్ వెబ్, మధ్యాహ్నం పూట కాస్త యూట్యూబ్. ఇవన్నీ బ్రౌజర్‌లో నడిచేవే. లినక్స్‌లోనూ అదే క్రోమ్, అదే ఫైర్‌ఫాక్స్. జీఎస్‌టీ పోర్టల్లోకి వెళ్లి రిటర్ను దాఖలయిందో లేదో చూసుకోవచ్చు. మీది సొంత వ్యాపారం అయితే ఫోనుకొచ్చే ఓటీపీతోనే రిటర్ను వేసుకోవచ్చు. లిమిటెడ్ కంపెనీ, ఎల్‌ఎల్‌పీ అయితే డిజిటల్ సంతకం గొడవ ఉంటుంది. ఆ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్ గుమాస్తా గారి కంప్యూటర్‌కే ఉంచండి. మీ గది గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

గోడౌన్ది ఆసక్తికరమైన కుర్చీ. మీ కొట్టు నుంచి పాతపట్నం పక్కూరే. కానీ మధ్యలో రాష్ట్రం మారిపోతుంది. మీ జీఎస్‌టీ నంబరు 21తో మొదలవుతుంది, అవతలి కొట్టువాడిది 37తో. సబ్బుల పెట్టె వేసుకుని టీ చల్లారేలోపు వెళ్లొచ్చేంత దూరానికి బిల్లులో ఐజీఎస్‌టీ (రాష్ట్రం దాటే సరుకు మీద పన్ను) వెయ్యాలి. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) తియ్యాలి. మీ గోడౌన్ కుర్రాడు రోజంతా చేసేది ఈ పనే అనుకుంటాను. ఈ-వే బిల్లు పోర్టల్ పూర్తిగా బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ప్రింటు పీడీఎఫ్‌లో వస్తుంది. లినక్స్‌కి ఇది నల్లేరు మీద బండి.

ఇక అక్కడ ఉండేది స్టాకు రాసుకునే ఎక్సెల్ షీట్లు. లినక్స్‌లో ఎక్సెల్ ఉండదు, దాని బదులు లిబ్రేఆఫీస్ కాల్క్ ఉంటుంది. మీ పాత షీట్లు అందులో తెరుచుకుంటాయి. కూడికలు, ఫిల్టర్లు, వీలుకప్, పివట్ అన్నీ పనిచేస్తాయి. రెండు చోట్ల మాత్రం తేడా కొడుతుంది. మొదటిది మాక్రోలు. ఎవరైనా ఎక్సెల్లో బటన్ నొక్కితే రిపోర్టు వచ్చేలా మాక్రో రాసిచ్చి ఉంటే అది ఇక్కడ మొరాయించే అవకాశమే ఎక్కువ. రెండోది ఫాంట్లు. ఎక్సెల్లో వాడే కాలిబ్రి ఇక్కడ ఉండదు. అదే కొలతలతో కార్లిటో అని ఒకటుంది, అది వేస్తే పేజీ చెదరదు. ఇంకొక్క చిన్న పని మీ అబ్బాయికి అప్పజెప్పండి. లిబ్రేఆఫీస్ తనంతట తను ఓడీఎస్ అనే పద్ధతిలో సేవ్ చేస్తుంది. సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ఎక్సెల్ పద్ధతికి మార్చేయమనండి. లేకపోతే మీ ఆడిటర్ గారు ఫోన్ చేసి, ‘ఏం పంపారండీ, తెరుచుకోవడం లేదు’ అంటారు. అదిగో, లినక్స్ పనికిరాదు అనే ప్రచారం అక్కడినుంచే మొదలవుతుంది.

కౌంటర్ సంగతి. ఇక్కడ మీరు అదృష్టవంతులు. బిల్లింగ్ కూడా టాలీలోనే చేస్తూ ఉండి ఉంటే నా జవాబు తిరగబడేది: రెండింటికే పనికొస్తుంది, మూడింటికి పనికిరాదు అనేవాణ్ని. బ్రౌజర్‌లో నడిచే బిల్లింగ్ కాబట్టి అడుగున విండోస్ ఉందో లినక్స్ ఉందో దానికి అక్కర్లేదు. బార్‌కోడ్ స్కానర్ కూడా భయపడాల్సిందేమీ కాదు. కంప్యూటర్ దృష్టిలో అది ఒక కీబోర్డు. మనం టైపు చేసే నంబరుని అదే చదివి టైపు చేస్తుంది, అంతే. మీ కౌంటర్లో ఎలక్ట్రానిక్ కాటా కంప్యూటర్‌కి తగిలించి ఉంటే దాన్ని మాత్రం విడిగా పరీక్షించాలి.

అసలు గండం ప్రింటర్ దగ్గర. మూడు కాపీల కార్బన్ బిల్లు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లలో చాలావాటికి ఎప్సన్ కంపెనీ ప్రింటర్ల ఆదేశాల భాష వచ్చు, లినక్స్‌కీ ఆ భాష వచ్చు. హెచ్‌పీ వాళ్లు తమ ప్రింటర్లకి లినక్స్ డ్రైవర్లు (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) తామే తయారుచేసి ఇస్తారు. కొన్ని పాత లేజర్ ప్రింటర్లుంటాయి, అవి సొంతంగా ఏ భాషా రానివి. విండోస్‌లో ఉండే తమ డ్రైవర్ చెబితే తప్ప కదలవు. ఆ మందుల షాపులో ఉలకని లేజర్ ప్రింటర్ అలాంటిదే. అందుకని ప్రింటర్ ఏదైనా సరే, అదే కాగితం పెట్టి, అదే బిల్లు కొట్టి, వెలుతురుకి అడ్డంగా పెట్టి పాత బిల్లుతో పోల్చి చూడండి. మొదటి బిల్లు బాగానే రావచ్చు. వరసగా పది కొట్టండి. జారుడు ఉంటే పదో బిల్లుకి బయటపడుతుంది.

ఇప్పుడు గుమాస్తా గారు. ఆయన కంప్యూటర్‌ని ముట్టుకోకండి. అంటే లినక్స్ కోసం ముట్టుకోకండి. టాలీ విండోస్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్. లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపించడానికి వైన్ అని ఒకటుంది (పేరు చూసి ఇంట్లో ఆడవాళ్లు కంగారు పడక్కర్లేదు). దాని మీద టాలీని లేపి కూర్చోబెట్టిన మొనగాళ్లు లేకపోలేదు. కానీ టాలీ కంపెనీ దాన్ని ఒప్పుకోదు. కొత్త వెర్షన్ వచ్చిన రోజున ఏం జరిగినా దిక్కుండదు. 20వ తారీఖున జీఎస్‌టీ 3బీ రిటర్ను వెయ్యాల్సిన మనిషిని అలాంటి కుర్చీలో కూర్చోబెట్టడం పాపం. దానికి తోడు జీఎస్‌టీ పోర్టల్ ఇచ్చే రిటర్న్స్ ఆఫ్‌లైన్ టూల్ విండోస్ కోసం చేసిందే. మాక్రోలతో నిండిన ఎక్సెల్ యుటిలిటీలు ఏవి వచ్చినా అసలు ఎక్సెల్నే అడుగుతాయి. కాబట్టి ఆయనకి ఒక్క కొత్త కంప్యూటర్ కొనండి. లైసెన్సు ఉన్న అసలైన విండోస్ 11 వేయించండి. ర్యామ్ 8 జీబీకి తగ్గొద్దు, పాత రకం హార్డ్‌డిస్కు కాకుండా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ ఉండాలి. ఆయన పాత కంప్యూటర్ అటక మీద పెట్టకుండా, నాలుగింట్లో ఏది చెడిపోయినా దాని బదులు పెట్టుకునేలా లినక్స్ వేసి సిద్ధంగా ఉంచండి.

లినక్స్ లోపలే వర్చువల్ మెషీన్ (కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్‌లా నడిచే సాఫ్ట్‌వేర్) పెట్టి అందులో విండోస్ నడపొచ్చు అని మీ అబ్బాయి అంటాడు. నడపొచ్చు. అప్పుడూ విండోస్ లైసెన్సు కొనాల్సిందే, మీ పాత కంప్యూటర్లలో ఉన్న ర్యామ్ దానికి చాలకపోవచ్చు. వదిలేయండి.

ఇక ఆ ‘ఎలాగోలా’ గురించి. మీ కంప్యూటర్లు జీఎస్‌టీ వచ్చిన ఏడాది కొన్నవి. ఆ ఏడాది మన వైపు కొట్టుకో కంప్యూటర్ దిగింది. విండోస్ 11కి మదర్‌బోర్డులో టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచి పైది కావాలి. మీవి ఆరో, ఏడో జనరేషన్ అయి ఉంటాయి. ఆ తనిఖీని దాటించి ఎక్కించే కిటుకులు ఉన్నాయి. అలా ఎక్కించినదానికి ముందు ముందు అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ మాటివ్వదు. అంతకన్నా పెద్ద గొడవ, అలాంటి కుర్రాళ్లు లైసెన్సు కూడా ‘ఎలాగోలా’ చేస్తారు. క్రాక్ (దొంగ లైసెన్సు ప్రోగ్రాం) నడపడానికి ముందు యాంటీవైరస్ ఆపేస్తారు. దొంగని లోపలికి పిలవడానికి కుక్కని కట్టేసినట్టు. 2018లో ఆ మందుల షాపులో వైరస్ ఎలా దూరిందో తర్వాత వెతికితే తేలింది ఇదే.

విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయిన మాట నిజం. ఆ రోజుతో కంప్యూటర్లు ఆగిపోవు, బయటపడ్డ కన్నాలకి మాట్లు పడవు, అంతే. వ్యాపార సంస్థలు డబ్బు కట్టి ఏడాదికోసారి చొప్పున మూడేళ్ల దాకా పొడిగించుకోవచ్చు గానీ ఏడాదేడాదికీ రేటు పెరుగుతుంది. తొమ్మిదేళ్ల కంప్యూటర్‌కి అంత వైద్యం ఎందుకు?

మీ అబ్బాయి చెప్పిన ‘పైసా ఖర్చుండదు’ దగ్గర నాకు కొంచెం పేచీ ఉంది. లైసెన్సు ఖర్చు ఉండదు, అంతవరకే నిజం. నాలుగు కంప్యూటర్లలోనూ పాత హార్డ్‌డిస్కులు తీసేసి ఎస్‌ఎస్‌డీలు వేయించండి. ర్యామ్ 4 జీబీ ఉంటే 8 చేయండి. ఈ ఖర్చు ఖర్చే. కానీ కొత్త కంప్యూటర్ ధరలో చిన్న భాగం, ఫలితం మాత్రం పొద్దున్న స్విచ్ వేసిన అరనిమిషంలో కళ్లకి కనబడుతుంది. నిజం చెప్పాలంటే లినక్స్ వేశాక ‘అబ్బ, ఎంత వేగం’ అని జనం మెచ్చుకునేదాంట్లో సగం పేరు ఎస్‌ఎస్‌డీకి చెందాలి.

అసలు ఖర్చు మనిషిది. విండోస్ మొరాయిస్తే మీ బజారులో ఏ మొబైల్ షాపు కుర్రాడైనా వచ్చి ఏదో ఒకటి గెలుకుతాడు. లినక్స్ మొరాయిస్తే పర్లాకిమిడిలో ఎవరొస్తారు? మీ అబ్బాయి వస్తాడు. ఇంకో ఏడాదిన్నరలో చదువు అయిపోతుంది, బెంగళూరో హైదరాబాదో వెళ్లిపోతాడు. అప్పుడు రాత్రి ఏడింటికి కౌంటర్ ప్రింటర్ ఆగిపోతే మీరు అతనికి ఫోన్ చేస్తారు, అతను మీటింగులో ఉంటాడు. ఇది ఊహించి చెబుతున్నది కాదు, నాకు తెలిసిన మూడు కొట్లలో అచ్చు ఇలాగే జరిగింది. ఒక కొట్లో అయితే పాస్‌వర్డు ఎవరికీ తెలియక కొడుకు సెలవుకొచ్చేదాకా కౌంటర్ కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంచారు.

అందుకని ఇప్పుడే ఒక రూళ్ల నోటుబుక్కు కొని, మీ అబ్బాయి చేత చేత్తో రాయించండి. ప్రతి కంప్యూటర్ పాస్‌వర్డు, ఏ ప్రింటర్ ఏ పేరుతో పెట్టాడు, బిల్లు కాగితం కొలత ఎంత పెట్టాడు, ఫైళ్లు ఎక్కడున్నాయి. రాసింది చూసి మీ గోడౌన్ కుర్రాడు ఒక్కడే ప్రింటర్‌ని తీసేసి మళ్లీ పెట్టగలగాలి. అదీ పరీక్ష. నోటుబుక్కు గల్లాపెట్టెలో ఉండాలి. ఎనీడెస్క్ లాంటివి లినక్స్‌కీ ఉన్నాయి, అవి వేసిపెడితే బెంగళూరు నుంచైనా చూడగలడు. ఆపైన ఈ పని తెలిసిన ఒక మనిషిని, శ్రీకాకుళంలోనో బరంపురంలోనో, నెలకింత అని మాట్లాడిపెట్టుకోండి. మిగిలిన లైసెన్సు డబ్బులో కొంత అతనికి పోతుంది. పోనివ్వండి.

ఏ లినక్స్ అని మీ అబ్బాయితో ఇంకో గొడవ మొదలవుతుంది చూడండి. ఈ వయసు పిల్లలకి కష్టమైనదే గొప్పగా కనిపిస్తుంది. నాలుగింట్లోనూ ఒకటే వెయ్యమనండి, అదీ లినక్స్ మింట్, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం. కింద స్టార్ట్ బటన్ లాంటి మెనూ ఉంటుంది, చూడ్డానికి పాత విండోస్ పోలికే. 22వ వెర్షన్‌కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. తెరమీద ‘బిల్లులు’, ‘స్టాకు’ అని రెండు ఫోల్డర్లు పెట్టేయమనండి. లినక్స్‌లో సి డ్రైవ్, డి డ్రైవ్ అని ఉండవు. మీవాళ్లకి మొదటిరోజు వచ్చే ప్రశ్న కచ్చితంగా అదే.

మీరు అడగలేదు గానీ, రెండు భాషల ఊరు కాబట్టి చెబుతున్నాను. గుమాస్తా గారు తెలుగు ఉత్తరాలు అను ఫాంట్లలో టైపు చేస్తూ ఉంటే, ఆ ఫైళ్లు ఫాంటు లేని చోట తెలుగులా కనబడవు. ఇంగ్లిష్ అక్షరాల పిచ్చి రాతలా కనబడతాయి. వాటిని ఆయన కంప్యూటర్లోనే ఉంచండి. కొత్తగా నేర్చుకునే కుర్రాళ్లకి మాత్రం ఎక్కడ తెరిచినా తెలుగులాగే కనబడే యూనికోడ్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్పండి. లినక్స్‌లో తెలుగు, ఒడియా రెండూ సెట్టింగుల్లో చేర్చుకోవచ్చు. ఇన్‌స్క్రిప్ట్‌లో ఉన్న సుఖం ఏమిటంటే అన్ని భారతీయ లిపులకీ అక్షరాల చోట్లు ఒకటే. తెలుగులో ‘క’ ఏ మీట మీద ఉందో ఒడియాలో ‘క’ కూడా అదే మీట మీద ఉంటుంది. వేళ్లు ఒకసారి నేర్చుకుంటే హమాలీల జీతం చీటీ తెలుగులో, మున్సిపాలిటీకి అర్జీ ఒడియాలో అదే చేత్తో కొట్టొచ్చు. విండోస్‌లోనూ ఈ కీబోర్డు ఉంది, న్యాయంగా చెప్పాలి. కానీ మన వైపు ఎవరూ వాడరు.

పెద్ద పెద్ద చోట్ల ఏం జరిగిందని మీ అబ్బాయి కేరళ బడుల గురించి చెబుతాడు. నిజమే, అక్కడి ప్రభుత్వ బడుల్లో కంప్యూటర్లు లినక్స్ మీదే నడుస్తున్నాయి. సర్వీసు కుర్రాడికి తెలిస్తే జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ పేరెత్తుతాడు. వాళ్లు 2003లో లినక్స్‌కి మారాలని తీర్మానించి, పదేళ్లు తంటాలు పడి దాదాపు 15,000 కంప్యూటర్లు మార్చి, 2017లో మళ్లీ విండోస్ వైపు తిరగాలని తీర్మానించారు. ఈ రెండు కథలూ మీ కొట్టుకి పెద్దగా పనికిరావు. కేరళలో పంతుళ్లకి పనిగట్టుకుని శిక్షణ ఇచ్చారు, మీకు శిక్షణ ఇచ్చేవాళ్లు ఎవరూ రారు. మ్యూనిక్లో రాజకీయాలున్నాయి, మీకు ఉన్నది గుమాస్తా గారు ఒక్కరే.

ఆయన గురించి ఒక మాట. మీ అబ్బాయిని రెండు రోజులు ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చోమనండి. ఏమీ చెప్పకుండా, చూడమనండి. సరుకు వాపసు వస్తే ఆయన ఏం చేస్తారు, అప్పు ఖాతాల్లో ఎవరి పేరు పక్కన ఏ గుర్తు పెడతారు, నెలాఖరుకి కౌంటర్ లెక్క టాలీలోకి ఎలా ఎక్కిస్తారు. మీ ఊళ్లోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకి చదువు చెప్పాలనుకుని, ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. మీవాడు కనీసం టాలీలో ఆల్ట్ కీ నొక్కితే ఏమొస్తుందో నేర్చుకున్నాక ఆయనతో లినక్స్ మాటెత్తితే బాగుంటుంది. జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోను లోపల నడిచేది కూడా లినక్సే తాతగారూ, అని వాదించి గెలవాలని చూడొద్దనండి. అది నిజమే గానీ, అలా ఓడిపోయిన పెద్దవాళ్లు మర్నాడు ప్రతి చిన్నదానికీ లినక్స్‌నే తిడతారు.

మొదలుపెట్టడానికి మార్చి వద్దు, దసరా సీజన్ వద్దు. నెలలో 11న జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 20న 3బీ అయిపోయాక, 21 తర్వాత వచ్చే ఆదివారం చూసుకోండి. ముందు ఇన్‌స్టాల్ చేయొద్దు. మింట్‌ని పెన్‌డ్రైవ్‌లోంచే నడిపి చూడొచ్చు, హార్డ్‌డిస్కులో ఏదీ చెరగదు. అలా నడుస్తుండగా బిల్లింగ్ తెరిచి, స్కానర్ కొట్టి, ప్రింటర్ సెట్టింగు సరిచూసుకుని పది బిల్లులు తీసి చూడండి. అన్నీ కుదిరితే గోడౌన్ కంప్యూటర్ ఒక్కటే మార్చి పదిహేను రోజులు వదిలేయండి. తర్వాత మీ గది. కౌంటర్లో మొదటిది మార్చాక రెండోది ఇంకో నెల విండోస్ మీదే ఉండనివ్వండి. అటు ఇబ్బంది వస్తే కస్టమర్ని ఇటు తిప్పొచ్చు. ఆ నెల్లాళ్లూ పాత హార్డ్‌డిస్కులు పారేయకుండా, ఏది ఎక్కడిదో కాగితం అంటించి బీరువాలో పెట్టండి. ఏదైనా తేడా వస్తే పది నిమిషాల్లో వెనక్కి వెళ్లిపోవచ్చు.

టాలీ డేటా కాపీ ఒకటి రోజూ కొట్టు బయటికి వెళ్లాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీ జిల్లాని ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. నీళ్లొస్తే విండోస్ అని చూడదు, లినక్స్ అని చూడదు. గుమాస్తా గారు సాయంత్రం వెళ్తూ ఒక పెన్‌డ్రైవ్ ఇంటికి పట్టుకెళ్లడం అన్నిటికన్నా సులువైన ఏర్పాటు. తాళాలు మీ చేతిలో పెడతానన్నారు కదా, తాళాల గుత్తికే ఆ పెన్‌డ్రైవ్ తగిలించివ్వండి.

ఇప్పటికి ఒక పని చేయండి. కౌంటర్లోని ప్రింటర్లు వెనక్కి తిప్పి, స్టిక్కర్ మీదున్న మోడల్ నంబరు కనబడేలా ఫోటో తీసి పంపండి. బిల్లు కాగితం ఖాళీది ఒకటి స్కేలు పక్కన పెట్టి ఇంకో ఫోటో. పెన్‌డ్రైవ్ తయారుచేయడం మొదలుపెట్టే ముందు మీ అబ్బాయి నాకొకసారి ఫోన్ చేస్తే మంచిది.